పెద్ద కుర్చీ అద్దెకు

మొన్న మా బండారులంకలో మూడు రోజుల కూటాలకి పందిరి వేస్తుంటే షామియానా షాపువాళ్ళ ఆటో వచ్చి ఆగింది. మైకు సెట్టు దిగింది, ట్యూబులైట్లు దిగాయి, ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు దిగాయి. ఆఖర్న పాత దుప్పటి చుట్టిన సరుకొకటి ఇద్దరు కుర్రాళ్ళు రొప్పుతూ దించారు. దుప్పటి లాగితే కుర్చీ. ఎర్ర మఖమలు, బంగారు రంగు చేతులు, ఆ చేతుల చివర రెండు సింహాలు, వీపు మీద కిరీటం. ఒక సింహానికి మూతి దగ్గర చెక్కు లేచిపోయి లోపలి తెల్ల ఫైబరు కనిపిస్తోంది. మెత్త సందులో నాలుగు తలంబ్రాల గింజలు ఇరుక్కున్నాయి. ముందు రోజు ఏ పెళ్ళి రిసెప్షన్ నుంచో నేరుగా వచ్చినట్టుంది.

"పెద్ద కుర్చీ ఎవరికండి?" అన్నాడు ఆటో కుర్రాడు.

"బిషప్పు గారికి."

"ఒకటే చెప్పారేంటండి? ఇవి జతగా ఇస్తామండి, పెళ్ళికొడుక్కొకటి, పెళ్ళికూతురికొకటి."

"ఒకటి చాల్లే అబ్బాయ్. ఆయన పక్కన ఎవరూ కూర్చోరు."

ఆయ్ అని కుర్రాడు కుర్చీని వేదిక మీదికి ఎత్తబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. నేనూ ఓ చెయ్యి వేశాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఇక మీద రాసేదంతా ఆ కుర్చీ మీద కడుపుమంటతో రాస్తున్నదే.

వేదిక వెనక ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తు బొమ్మ. పేరుకి ముందు బిషప్పు, డాక్టరు, అపొస్తలుడు. పేరు తర్వాత వ్యవస్థాపక అధ్యక్షులు. పూర్తిగా చదివేసరికి ఊపిరందదు. యేసుక్రీస్తు బొమ్మ కూడా లేకపోలేదు, పైన మూలకి, తపాలా బిళ్ళంత. డబ్బులు పంపే ఫోను గళ్ళ బొమ్మ అంతకు నాలుగింతలుంది. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో "మీ సహోదరుడు" అని ఉంది.

ఆ చీమ తలకాయ దగ్గర్నుంచి ఆ నిలువెత్తు బొమ్మ దాకా ఎలా పాకారో చూద్దాం. మన అయ్యగారికి పదిహేనేళ్ళు పట్టింది. మొదటి క్రైస్తవులకి ఇంచుమించు నాలుగొందల ఏళ్ళు పట్టింది. పాపం, వాళ్ళకి ఫ్లెక్సీలు లేవు.

మా ఊళ్ళో సంఘం అంటే రెండు రకాలు. మగ్గం గుంటలోంచి కాళ్ళు తీసి లేచిన మనిషి "సంఘానికి వెళ్ళొస్తా" అంటే, ఇంట్లోవాళ్ళు "నూలుకా, ప్రార్థనకా?" అని అడగాలి. ఒకటి చేనేత సహకార సంఘం. వాటాధనం కట్టినవాడు సభ్యుడు, చట్టప్రకారం సర్వసభ్య సమావేశం ఉంటుంది, మినిట్స్ పుస్తకం ఉంటుంది, ఆడిటరు వస్తాడు. దానికో అధ్యక్షుడు. రెండోది ఆదివారం సంఘం. దానికీ అధ్యక్షుడే. తేడా ఏమిటంటే, మొదటిదాని ఆడిట్ అమలాపురంలో తేలిపోతుంది, రెండోదాని ఆడిట్ పరలోకంలో.

ఈ అధ్యక్షుడనే మాట ఎవరో ఫ్లెక్సీ కోసం కల్పించింది కాదు, తెలుగు బైబిల్లోదే. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం తెరవగానే పలకరింపులోనే అధ్యక్షులున్నారు. బహువచనం చూసుకోండి. ఒక్క ఊరికి పలువురు. అపొస్తలుల కార్యాలు 20వ అధ్యాయంలో ఎఫెసు సంఘపు పెద్దల్ని మిలేతుకి పిలిపిస్తాడు, పది వాక్యాలు నడిచాక వాళ్ళనే అధ్యక్షులంటాడు. పెద్దలే అధ్యక్షులు, అధ్యక్షులే పెద్దలు. గ్రీకులో ఆ మాట ఎపిస్కోపోస్. నోళ్ళలో నలిగి నలిగి ఇంగ్లీషుకి చేరేసరికి బిషప్పయింది. అర్థం మాత్రం, పైనుంచి చూసుకునేవాడు.

మా కోనసీమ లెక్కలో చెప్పాలంటే, కొబ్బరి దింపు రోజున తోటలో ఒకడుంటాడు. చెట్టెక్కడు, గెల కొయ్యడు, డొక్క వలవడు. నీడపట్టున నిలబడి ఎన్ని కాయలు దిగాయో చూస్తాడు. వాడే ఎపిస్కోపోసు. కాయలు లెక్క చూడ్డానికి పెట్టుకున్న మనిషి తోట పట్టా తన పేరు మీద ఎలా రాయించుకున్నాడన్నదే కథ. కుట్రా? కుట్రయితే బాగుండేది, ఎక్కడో ఒకచోట దొరికేవాడు. తోటలో వాళ్ళే "ఇదీ నువ్వే చూడు బాబూ" అంటూ ఒక్కో పనీ వాడి నెత్తిన పెట్టారు.

మొదట్లో భయమంతా ఊళ్ళో కుర్చీ గురించి కాదు, ఊరూరా తిరిగే ప్రవక్తల గురించి. డిడకే అని ఓ చిన్న పుస్తకముంది, మొదటి శతాబ్దం ఆఖరుదో రెండో శతాబ్దం మొదటిదో. 1873లో కాన్‌స్టాంటినోపుల్లో బ్రియేనియోస్ అనే పండితుడు పాత రాతప్రతుల మధ్య దాన్ని కనిపెట్టి 1883లో అచ్చు వేయించాడు. అందులో నిబంధనలు చదివితే మన అత్తగార్లు రాశారేమో అనిపిస్తుంది. అపొస్తలుడొస్తే ఒకరోజు ఉండనివ్వండి, అవసరమైతే రెండోరోజూ ఉండనివ్వండి. మూడోరోజు కూడా ఉన్నాడంటే వాడు దొంగ ప్రవక్త. వెళ్ళేటప్పుడు దారి బత్తెం తప్ప ఇంకేం ఇవ్వకండి. డబ్బడిగాడా, దొంగ ప్రవక్తే. ఆత్మ పూనినట్టు ఊగుతూ బల్ల నిండా భోజనం పెట్టమని చెప్పి, దాన్ని తానే కూర్చుని తిన్నవాడు కూడా దొంగ ప్రవక్తే. కూటాల ప్రసంగీకులకి రొయ్యల ఇగురు తప్పనిసరి అయిన మా సీమలో ఈ పుస్తకం ఎందుకు అచ్చు వెయ్యరో ఇప్పుడర్థమైంది కదా. పైగా మా కూటాలు సరిగ్గా మూడు రోజులు!

అదే పుస్తకం, మీ అధ్యక్షుల్నీ పరిచారకుల్నీ మీరే ఎన్నుకోండి, డబ్బు మీద ఆశ లేనివాళ్ళని చూసుకోండి అంటుంది. ఇక్కడా బహువచనమే. అంటే, తిరిగేవాడి బెడద పడలేక ఊళ్ళోవాణ్ణి పెట్టుకున్నారు. ఊళ్ళోవాడు మూడోరోజు వెళ్ళడు కదా, నాలుగోరోజూ వెళ్ళడు, నలభయ్యో ఏడూ వెళ్ళడు. దానికి నిబంధన రాయడం మర్చిపోయారు.

తర్వాత బియ్యం డబ్బా. మా అమ్మమ్మ ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసేది. పూటకొక పిడికెడు. ఇంట్లో గంజే గతైన రోజున కూడా ఆ డబ్బా ముట్టుకోనిచ్చేది కాదు. ఆదివారం అది సంఘానికి వెళ్ళేది, అక్కణ్ణుంచి దిక్కులేని ముసలమ్మల ఇళ్ళకి వెళ్ళేది. క్రీస్తుశకం 150 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన దాన్లో అచ్చం ఇదే ఉంటుంది. కలిగినవాళ్ళు ఇష్టమైనంత ఇస్తారు, అదంతా ముందు కూర్చున్నాయన దగ్గర పెడతారు, ఆయన అనాథల్నీ విధవల్నీ రోగుల్నీ ఖైదుల్లో ఉన్నవాళ్ళనీ పరదేశుల్నీ చూసుకుంటాడు. మంచి పని, మరి మంచి పనికి ఒక డబ్బా ఉండాలి, డబ్బాకి తాళం ఉండాలి, తాళం ఒకరి మొలలో ఉండాలి. వందేళ్ళు తిరిగేసరికి, 251లో, రోము బిషప్పు కొర్నేలియస్ అంతియొకయకు రాసిన ఉత్తరంలో లెక్క చెప్పుకున్నాడు: ప్రెస్బితేర్లు, అంటే పెద్దలు, 46, పరిచారకులు 7, ఉపపరిచారకులు 7, సహాయకులు 42, దయ్యాలు వదిలించేవాళ్ళూ చదివేవాళ్ళూ తలుపు కాసేవాళ్ళూ కలిపి 52. వీళ్ళు కాక సంఘం పోషించే విధవలూ పేదలూ 1,500కి పైన. ఇంతమంది అన్నం ఒక్క మొలతాడుకి వేలాడుతోంది. ఆ మొలతాడు గల మనిషికి ఎదురు చెప్పమంటే ఎవడు చెబుతాడు?

ఇక్కడ ఒక్క పుణ్యకార్యం చెప్పకపోతే పాపం. పొంతు నుంచి వచ్చిన మార్సియన్ అనే ఓడల ఆసామి రోము సంఘానికి 2,00,000 సెస్టర్షియస్‌లు కానుకిచ్చాడు. 144లో అతని సిద్ధాంతం నచ్చక వెలివేశారు, డబ్బు మొత్తం వాపసు ఇచ్చేశారు. కానుక వెనక్కిచ్చిన సంఘం! మళ్ళీ అలాంటిది నా చెవిన పడలేదు. నాకు తెలిసినాయన ఒకడు ఒక సంఘం భవనానికి రెండు లక్షలు ఇచ్చి, ఏడాది తిరక్కుండా వెలిపడ్డాడు. రసీదైనా ఇప్పించమంటే, ఇచ్చింది దేవుడికి కదా, దేవుణ్ణే అడగమన్నారు.

తాళం అమరింది, ఇక మాట అమరాలి. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ని 110 ప్రాంతంలో పదిమంది సిపాయిలు గొలుసులు వేసి రోముకి తీసుకెళ్తున్నారు, మృగాలకి వెయ్యడానికి. దారిలో ఆయన సంఘాలకి ఉత్తరాలు రాశాడు. దాదాపు ప్రతిదాన్లో ఒకటే పోరు: బిషప్పు లేకుండా ఏమీ చెయ్యకండి, బిషప్పుని దేవుడి స్థానంలో చూడండి. చావుకి నడిచి వెళ్తున్న మనిషి, వెనక సంఘాలు చీలిపోతాయేమోనని బెంగ, కాస్త గట్టిగానే అన్నాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆ వాక్యాల్ని ఏసీ కార్లో కూర్చుని మనకి వినిపించేవాళ్ళతోనే పేచీ. విచిత్రం ఏమిటంటే, రోముకి రాసిన ఉత్తరంలో మాత్రం ఆయన అక్కడి బిషప్పుని పలకరించనే లేదు. అప్పటికి రోములో పలకరించడానికి ఒక్కడంటూ లేడనీ, పెద్దలే కలిసి నడిపేవారనీ చాలామంది చరిత్రకారుల లెక్క. తర్వాత 180 ప్రాంతంలో ఇరేనియస్ అనే బిషప్పు పేతురు పౌలుల దగ్గర్నుంచి తన కాలం దాకా రోము బిషప్పుల జాబితా వరసగా రాసి పెట్టాడు. వంశవృక్షం ఎప్పుడూ ఆస్తి వచ్చాకే మొలుస్తుంది.

వంశమంటే గుర్తొచ్చింది. 190 ప్రాంతంలో ఈస్టరు ఏ రోజున చెయ్యాలని గొడవ. రోము బిషప్పు విక్టరు ఆసియా సంఘాలన్నిటినీ ఒక్క కలంపోటుతో వెలివెయ్యబోయాడు. ఎఫెసు బిషప్పు పోలిక్రటీస్ జవాబు రాస్తూ, మా బంధువుల్లో ఏడుగురు బిషప్పులు, నేను ఎనిమిదోవాణ్ణి అన్నాడు. ఆంధ్రదేశంలో పుట్టి ఉంటే ఎమ్మెల్యే అయ్యేవాడు. మా బిషప్పు గారబ్బాయికి ఇరవై రెండేళ్ళు, ఇప్పటికే యూత్ పాస్టరు. ఇంకా గడ్డం సరిగ్గా రాలేదు గానీ ఫ్లెక్సీలో కుడిపక్క జాగా వచ్చేసింది. సి.ఎస్.ఐ. బిషప్పుకి పదవీ విరమణ వయసని ఒకటుంది. సొంత సంఘం పెట్టుకున్న బిషప్పుకి విరమణ ఎక్కడిది? వారసుడే విరమణ.

మూడో శతాబ్దం మొదట్లో కార్తేజి రచయిత తెర్తుల్లియన్, పాపాలు క్షమించేస్తున్నానంటూ ఉత్తర్వు జారీచేసిన ఒక బిషప్పు మీద మండిపడుతూ, ఓహో మహా పురోహితుడు గారు, బిషప్పులకి బిషప్పు గారు సెలవిచ్చారు అని వెక్కిరించాడు. అక్షరాలా వెటకారం. అదే ఊరి బిషప్పు సిప్రియన్ 256లో 87 మంది బిషప్పుల్ని కూర్చోబెట్టి, మనలో ఎవరూ బిషప్పులకి బిషప్పునని చెప్పుకోం అన్నాడు. ఆ దెబ్బ రోములో పేతురు పీఠం నాదేనంటున్న స్టెఫన్‌కి తగలాలని. తగిలిందో లేదో గానీ, తెర్తుల్లియన్ వెక్కిరింతకి వాడిన మహా పురోహితుడన్న బిరుదు కాలక్రమంలో రోము పోపులు నిజంగానే పెట్టుకున్నారు. అందుకే వ్యంగ్యం రాసేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి. ఈ వ్యాసంలో నేనేదైనా కొత్త బిరుదు పొరపాటున పుట్టిస్తే, వచ్చే నెల కూటాల ఫ్లెక్సీ మీద అది కనపడుతుంది.

ఇక మనవాడొకడున్నాడు. మనవాడని ఎందుకంటున్నానంటే, ఆయన్ని చదువుతుంటే నాకు పరాయివాడనిపించలేదు. సమోసటవాడైన పౌలు, అంతియొకయ బిషప్పు. 268లో బిషప్పులంతా కూడి ఆయన్ని దించేశారు. ఎందుకు దించారో రాసిన ఉత్తరాన్ని యుసేబియస్ తన చరిత్రలో పెట్టాడు కాబట్టి మనకి తెలిసింది. ఆరోపించినవాళ్ళు శత్రువులే, కొంత కలిపే ఉంటారు, ఒప్పుకుంటాను. అయినా వినండి. చేతిలో కాసు లేకుండా వచ్చినవాడు ఇప్పుడు కుబేరుడు. వేదిక కట్టించుకున్నాడు, దాని మీద ఎత్తైన సింహాసనం వేయించుకున్నాడు. అధికారుల్లాగా ఆంతరంగిక మందిరం ఒకటి. బజార్లో నడిచేటప్పుడు ముందొక గుంపు, వెనకొక గుంపు, ఆయన మధ్యలో ఉత్తరాలు చదువుకుంటూ, జవాబులు చెప్పి రాయిస్తూ. ఈ రోజుల్లో అయితే చెవికి ఫోను. ప్రసంగంలో తొడ చరిచేవాడు, కాలితో వేదిక తన్నేవాడు. ఎవరైనా చప్పట్లు కొట్టకపోతే, రుమాళ్ళు ఊపకపోతే, మర్యాదగా కూర్చుని వింటే, వాళ్ళని నిలబెట్టి తిట్టేవాడు. క్రీస్తు మీద పాటలు కొత్తగా పుట్టినవని ఆపించేసి, పస్కా పండగనాడు గుడి మధ్యలో ఆడవాళ్ళ చేత తన మీద పాటలు పాడించుకున్నాడట.

మొన్న రెండో రాత్రి మా పందిట్లో, పాట అయ్యాక మైకులో ఒకాయన "చప్పట్లు సరిపోలేదు, ఇది ప్రభువుకి కాదు, ప్రభువు సేవకుడికి" అన్నాడు. నేను తల తిప్పి చూశాను, పదిహేడు వందల ఏళ్ళ కిందటి రుమాలు ఎవరి చేతిలోనైనా ఉందేమోనని. ఉంది. ముందు వరసలో ఒకామె పమిట కొంగు ఊపుతోంది.

అసలు రసమంతా తర్వాతుంది. దించాక పౌలు గారు దిగలేదు. గుడి భవనం ఖాళీ చెయ్యనన్నాడు. పెద్దమనుషుల మాట వినలేదు. చివరికి క్రైస్తవులు ఎవరి దగ్గరికి వెళ్ళారు? క్రైస్తవుడు కాని చక్రవర్తి ఆరేలియన్ దగ్గరికి. 272లో ఆయన తీర్పు చెప్పాడు: ఇటలీ బిషప్పులూ రోము బిషప్పూ ఎవరికి ఉత్తరాలు రాస్తారో భవనం వాళ్ళది. సిద్ధాంతం ఆయనకి అక్కర్లేదు, అడిగింది ఒక్కటే: హెడ్డాఫీసు ఎటువైపు? ఆ రోజున సింహాసనం రోముకి ఒక అడుగు దగ్గరగా జరిగింది. జరిపింది పేతురూ కాదు, అపొస్తలుడు పౌలూ కాదు, ఒక భవనం తాళం కేసు. ఏటా మన జిల్లా కోర్టుల్లో గుడి స్థలాల దావాలు వేసేవాళ్ళంతా ఈ ఆరేలియన్‌కి ఓ దండ వేస్తే తప్పులేదు.

చక్రవర్తి కాన్‌స్టంటైన్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా ముగిస్తాను. 313లో ఆయన కార్తేజి బిషప్పు కేసిలియన్‌కి 3,000 ఫోలిస్‌లు మంజూరు చేశాడు, తన సలహాదారు బిషప్పు హోసియస్ పంపే జాబితా ప్రకారం పంచమని. లబ్ధిదారుల జాబితా అన్నమాట. పేర్లున్నవాళ్ళు అసలు సంఘం, లేనివాళ్ళు చీలిక సంఘం. మన రాష్ట్రంలో పాస్టర్లకి నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం అన్నప్పుడు, మా చుట్టుపక్కల రాత్రికి రాత్రి రబ్బరు స్టాంపులు మొలిచాయి. ఎవరు పాస్టరో చెప్పే కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి? ఇంకో పెద్ద పాస్టరు. సంతకానికి విలువొచ్చింది, విలువొచ్చిన చోట బిషప్పు పుట్టాడు. 325లో నికయలో కూడిన బిషప్పులు, కొత్త బిషప్పుకి కనీసం ముగ్గురు బిషప్పులు చేతులుంచాలనీ, ఆ ప్రాంతపు రాజధాని నగరపు బిషప్పు ఖాయం చెయ్యాలనీ రాసుకున్నారు. 366 కల్లా రోము కుర్చీకి దామాససూ ఉర్సినసూ పోటీపడితే, ఒక్క రోజులో ఒక్క గుళ్ళోంచి 137 శవాలు తీశారని చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. కొబ్బరికాయలు లెక్కపెట్టే ఉద్యోగానికి!

ఇదంతా రోము గోల, గోదారి ఒడ్డున మనకెందుకంటారా? మనకే కావాలి. ఎందుకంటే, ఈ కుర్చీని విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాలని బయల్దేరినవాళ్ళు సముద్రాలు దాటి దిగింది సరిగ్గా మన డెల్టాలోనే.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఇంగ్లండులో ఎక్సెటర్ ఊరి పళ్ళ డాక్టరు. విశ్వాసులు కూడి రొట్టె విరవడానికి అభిషేకం పొందిన అయ్యగారు అక్కర్లేదు, అందరూ సోదరులే, ఎవరికి మాట అందితే వాళ్ళే లేచి చెప్పొచ్చు అన్నాడు. 1836లో ఆయన రెండోసారి ఇండియా వస్తూ బార్న్‌స్టపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. మచిలీపట్నం మీదుగా వాళ్ళు నరసాపురం చేరారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డే. అలా మొలిచిందే గోదావరి డెల్టా మిషన్. ఆ తెల్లవాళ్ళకి బిరుదుల్లేవు, అంగీల్లేవు, మిషన్ బోర్డు జీతం లేదు. మధ్యలో బల్ల, బల్ల మీద రొట్టె, చుట్టూ మనుషులు. కుర్చీకి ఎత్తుపల్లాల్లేవు. అయ్యగారూ అని పిలిస్తే బ్రదర్ అనమనేవారు. మనవాళ్ళకి అంత పెద్దమనిషిని పేరు పెట్టి పిలిచినట్టుగా ఉంది, నోరు రాలేదు. రాజీ కుదిరింది. "బ్రదర్ గారూ" అన్నారు. ఆ "గారు" దగ్గరే కుర్చీకి మొదటి కాలు మొలిచిందని నా అనుమానం.

గ్రోవ్స్ ఇండియాకి ఓడెక్కిన 1836 మార్చిలోనే తన మిత్రుడు జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు: నువ్వు ఇరుకైపోతున్నావు, జీవం చూసి కాదు, తప్పులు చూసి మనుషుల్ని తూస్తున్నావు, ఏ వ్యవస్థల్లోంచి బయటికొచ్చామో మళ్ళీ అక్కడికే చేరతావు అని దాని సారం. పన్నెండేళ్ళు తిరిగాయి. 1848లో బ్రిస్టల్లోని బెతెస్ద సంఘంతో తగువు పడి, డార్బీ లీడ్స్ నుంచి ఒక సర్క్యులర్ పంపాడు. ఆ ఒక్క కాగితంతో ఈ సోదరుల బాట పట్టిన బ్రదరన్ సంఘాలు దేశదేశాల్లో రెండుగా చీలాయి. బిషప్పు లేడు, పీఠం లేదు, టోపీ లేదు. సర్క్యులర్ ఉంది. విక్టరు చెయ్యబోయి సగంలో ఆగిన పని ఈ సోదరుడు పూర్తిచేశాడు.

మన హైదరాబాదులో హెబ్రోను పెట్టిన భక్తసింగ్ 2000లో పోయేదాకా బ్రదర్ భక్తసింగే. అంత పేరుండి ముందు ఇంకేం తగిలించుకోలేదు. అది ఎంత కష్టమో ఫ్లెక్సీ షాపువాణ్ణి అడగండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మా డెల్టాలో చాలామంది తాతముత్తాతలు ఊరి ఆసామి ముందు కుర్చీలో కాదు, అరుగు మీద కూడా కూర్చోలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని పెద్దవీధి దాటినవాళ్ళు. వాళ్ళ మనవళ్ళకి, మనలోవాడొకడు సింహాల కుర్చీలో, అంతెత్తున, లైట్ల కింద కూర్చుంటే గుండె ఉప్పొంగుతుంది. ఆ ఉప్పొంగడాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. రొట్టె బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు వాళ్ళందరికీ ఒకే ఎత్తు దొరికింది. ఇప్పుడు మళ్ళీ చాపల మీద కూర్చుని తలెత్తి చూస్తున్నారు. పైనున్నవాడు మారాడు. మెడ నొప్పి మారలేదు.

మళ్ళీ ఒకసారి వెనక్కి వెళ్దాం. 343లో సార్దికలో కూడిన బిషప్పులు ఒక తీర్మానం చేశారు: పల్లెలకీ చిన్న ఊళ్ళకీ బిషప్పుల్ని పెట్టకండి, ఒక ప్రెస్బితేరు చాలు, లేకపోతే బిషప్పు పేరుకి విలువ పడిపోతుంది. చవకైపోతామని భయం! అప్పటికి పల్లెల బిషప్పులు వేరే ఉండేవారు, మెల్లగా వాళ్ళ కొమ్ములు విరిచేశారు. ఆ లెక్కన బండారులంకకి బిషప్పు నిషిద్ధం. మా ఊరు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు కలిపి నాకు తెలిసిన బిషప్పులు ఆరుగురు. సార్దిక పెద్దలు బతికుంటే గుండె పగిలేది. నాకు మాత్రం ఇదొక్కటే ఆశ. ధర పడగొట్టాలంటే సరుకు ఎక్కువ దింపాలి, కొబ్బరికాయ రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికో బిషప్పు చొప్పున తయారైతే మళ్ళీ అందరం సోదరులమైపోతాం. మా ఎదురింటాయన పొద్దున్నే పడుగు సరిచేసుకుంటుంటే నేనే అడిగాను, "బాబాయ్, నువ్వు కూడా ఓ బిషప్పువైపోరాదా?" అని. "ఆ అంగీ వేసుకుని మగ్గం గుంటలోకి దిగితే కాళ్ళకి చుట్టుకుంటుందిరా" అన్నాడు.

చివరిది దాసుడి సంగతి. 590 నుంచి 604 దాకా రోములో గ్రెగరీ పోపు. కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు జాన్ విశ్వ పాట్రియార్కునని చెప్పుకుంటే ఈయనకి ఒళ్ళు మండింది. విశ్వ యాజకుణ్ణనే బిరుదు కోరుకునేవాడు క్రీస్తువిరోధికి ముందు నడిచేవాడన్నాడు. తాను మాత్రం దేవుడి దాసులకి దాసుణ్ణని రాసుకున్నాడు. ఎంత వినయం! తర్వాతి పోపులూ అదే రాసుకున్నారు. చక్రవర్తుల్ని గద్దె దించిన కాగితాల మీద కూడా దాసానుదాసుడనే ఉంటుంది. మా పందిట్లోనూ బిషప్పు గారిని ఎవరూ బిషప్పని పిలవరు, "దైవసేవకులు" అంటారు. కాలికి చెప్పు తొడిగేవాడొకడు, బైబిలు మోసేవాడొకడు, మంచినీళ్ళ సీసా మూత తీసేవాడొకడు. ఆ సేవకుడికి ముగ్గురు సేవకులు.

మూడో రాత్రి ముగింపు ప్రార్థనలో దైవసేవకులు కళ్ళు మూసుకుని గొంతు పెంచుతుండగానే ఆటో వచ్చి పందిరి పక్కన హారన్ కొట్టింది. పదిగంటలకల్లా కుర్చీ ఇచ్చెయ్యాలట, అమలాపురంలో రేపు పొద్దున్నే ఎవరికో ఓణీల ఫంక్షను. ప్రార్థన సాగుతోంది, హారన్ సాగుతోంది. ఆఖరికి సంఘపెద్ద ఒకాయన వేదిక ఎక్కి దైవసేవకుల చెవిలో ఏదో చెప్పాడు. ఆమెన్ త్వరగానే వచ్చింది. ఆయన లేచి ప్లాస్టిక్ కుర్చీలోకి మారారు. మారుతుంటే అంగీ అంచు మూతి చెక్కుపోయిన సింహానికి తగులుకుంది, ఒకామె వంగి విడిపించింది.

కుర్చీ కట్టడానికి తాడు చాల్లేదు. ఆటో కుర్రాడు వెనక ఎక్కి, కుర్చీ ఒరిగిపోకుండా అందులోనే కూర్చున్నాడు. రెండు సింహాల మీదా చేతులేసుకుని, మెళ్ళో తువ్వాలు, నోట్లో కిళ్ళీ. బండి మలుపు తిరిగి సెంటర్లో టీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, బల్ల మీద జోగుతున్న ముసలాయన ఒకడు చప్పున లేచి నిలబడి, తలపాగా తీసి, రెండు చేతులూ జోడించాడు. కుర్రాడు కిళ్ళీ ఉమ్మేసి, కుడిచెయ్యెత్తి దీవించాడు.